డిసెంబరులో తొలి స్కీయింగ్‌కు ఆల్ప్స్‌లో ఏ ఊరు?

నమస్కారం. మ్యూనిక్‌లో ఇది మీకు మొదటి చలికాలమని, డిసెంబరు రెండో వారంలో ఆరేళ్ల పాపతో సహా ముగ్గురూ స్కీయింగ్ నేర్చుకోవాలనుకుంటున్నారని రాశారు. మిత్రులు కిట్జ్‌బ్యూల్, హింటర్‌టుక్స్, జెర్మట్ పేర్లు చెప్పారు. మూడూ పేరున్న చోట్లే. అయితే ఇంట్లో అందరూ కొత్తవారే, పైగా సీజను ఇంకా పూర్తిగా అందుకోని రోజులు కాబట్టి, నేను మాత్రం ఆస్ట్రియాలోని ఓబెర్‌గుర్గ్ల్ గాని, క్యూటాయ్ గాని చూడమంటాను.

దీనికి కారణం ఎత్తు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది లిఫ్టులు, అంటే స్కీయింగ్ చేసేవారిని కొండ పైకి చేర్చే తీగమార్గాలు, చేరే చిట్టచివరి కొన ఎత్తు. మీరు చూడవలసింది మొదటిసారి స్కీలు తొడుక్కొని నిలబడే వాలు ఎంత ఎత్తున ఉందనేది. కిట్జ్‌బ్యూల్ పట్టణం సుమారు 760 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబరు మొదట్లో అక్కడ మంచుకు బదులు వాన పడినా ఆశ్చర్యపోనక్కరలేదు. కృత్రిమ మంచు ఉంటుంది కదా అని మీకు అనిపించవచ్చు. ఆ యంత్రాలు నీటిని సన్నని తుంపరగా గాలిలోకి చిమ్ముతాయి. గాలి పొడిగా, సున్నాకు రెండు మూడు డిగ్రీలు తక్కువగా ఉంటేనే ఆ తుంపర నేలను తాకేలోగా గడ్డకడుతుంది. దక్షిణం నుంచి ఫ్యోన్ అనే వెచ్చని గాలి దిగిందంటే యంత్రాలు ఆపవలసిందే, అప్పటికే పడి ఉన్న మంచు కూడా కరిగిపోతుంది.

అలాగని హిమానీనదం ఉన్న చోటికి వెళితే చాలునని కూడా అనుకోకండి. హింటర్‌టుక్స్‌లో ఏడాది పొడవునా స్కీయింగ్ జరుగుతుంది, లిఫ్టులు 3,250 మీటర్ల దాకా వెళతాయి కాబట్టి మంచుకు లోటుండదు. కానీ అంత ఎత్తున డిసెంబరు గాలి మామూలుగా ఉండదు. ఉద్ధృతమైతే పై లిఫ్టులు మూసేస్తారు, మూయకపోయినా చేతులు కొంకర్లు పోయిన పిల్ల మర్నాడు స్కీల దగ్గరికి రమ్మన్నా రాదు. జెర్మట్ అందానికి సాటి లేదు గాని, స్విస్ ధరలు పెట్టి అక్కడ ఓనమాలు దిద్దుకోవడం నాకు సబబుగా తోచదు.

ఓబెర్‌గుర్గ్ల్ ఎట్స్ లోయ చివర 1,930 మీటర్ల ఎత్తున ఉంది. మామూలుగా నవంబరు మధ్యలోనే అక్కడ లిఫ్టులు తెరుస్తారు, నేర్చుకునేవారి వాలు ఊరిని ఆనుకొనే ఉంటుంది. మ్యూనిక్ నుంచి ఇన్స్‌బ్రుక్‌కు రైల్లో రెండు గంటల లోపే. అక్కడి నుంచి రైల్లోనే ముందుకు వెళ్లి ఎట్స్‌టాల్ స్టేషన్‌లో దిగి బస్సు ఎక్కితే కారు అవసరం లేకుండా చేరిపోవచ్చు. బస మాత్రం ఖరీదే. అది భారమనిపిస్తే 2,020 మీటర్ల ఎత్తున ఉన్న క్యూటాయ్ చూడండి: చిన్న ఊరు, ఇన్స్‌బ్రుక్ నుంచి సుమారు 35 కిలోమీటర్లు, నగరంలో బస చేసి రోజూ బస్సులో వెళ్లి రావచ్చు. చిన్నదని సందేహించకండి. ఫ్రాన్స్‌లోని త్రీ వ్యాలీస్ అనే స్కీ ప్రాంతంలో 600 కిలోమీటర్ల బాటలు ఉన్నా, కొత్తగా నేర్చుకునేవారు వారమంతా తిరిగేది ఒకటి రెండు వాలుల మీదే.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. డిసెంబరు 8 మరియమాత పండుగ, ఆస్ట్రియాలోనూ ఇటలీలోనూ సెలవు. ఆ చుట్టుపక్కల రోజుల్లో రద్దీ, ధరలు రెండూ పెరుగుతాయి. అది దాటాక క్రిస్మస్ సెలవుల దాకా ఆ ఊళ్లు ప్రశాంతంగా ఉంటాయి. పిల్లల శిక్షణ బృందాలు చాలా చోట్ల ఆదివారం గాని సోమవారం గాని మొదలవుతాయి కాబట్టి, శుక్రవారం రాత్రి చేరి రెండు రోజుల్లో తిరిగి రావాలంటే పాపకు బృందంలో చోటు దొరకడం కష్టం. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదినే తీసుకోండి. బయలుదేరే వారం ముందు నుంచి ఆ ఊరి వెబ్‌క్యామ్‌లో శిక్షణ వాలును, శిఖరాన్ని కాకుండా ఆ వాలునే, చూస్తూ ఉండండి.

శాకాహారులమని రాశారు. ఆస్ట్రియాలో దోసెను సన్నగా తరిగి వేసినట్టుండే ఫ్రిట్టాటెన్ సూప్ చూడటానికి శాకాహారంలాగే ఉంటుంది, కానీ సాధారణంగా అది గొడ్డుమాంసం ఉడికించిన నీటితో చేసేదే. చీజ్ కలిపి, ఉల్లిపాయలు వేయించి చల్లే నూడుల్స్ లాంటి కేసె స్పేట్స్‌లే, ప్లమ్ పండ్ల జామ్ పెట్టి ఆవిరి మీద ఉడికించే తీపి ఉండ గెర్మ్‌క్నోడెల్ అడగండి. స్పేట్స్‌లేలో పంది మాంసం ముక్కలు వేయవద్దని ముందే చెప్పండి.

పాస్‌పోర్టు, నివాస అనుమతి కార్డు రెండూ ముగ్గురివీ వెంట ఉంచుకోండి. తిరుగు ప్రయాణంలో జర్మనీ సరిహద్దు దగ్గర తనిఖీలు జరుగుతుంటాయి. మీ ఆరోగ్య బీమా కార్డు ఆసుపత్రి వైద్యానికి పనికొస్తుంది గాని, కొండ మీది నుంచి హెలికాప్టరులో దించవలసి వస్తే ఆ ఖర్చు దానిలోకి రాదు, కాబట్టి రక్షణ ఖర్చులు ఉన్న బీమా విడిగా తీసుకోండి.

స్కీలు, బూట్లు, హెల్మెట్ అద్దెకే తీసుకోండి. బూటు లోపల ఒక్క పలచని పొడవాటి మేజోడే వేయాలి. నిటారుగా నిలబడితే కాలివేళ్లు ముందు అంచును తాకుతూ, మోకాళ్లు వంచగానే కాస్త వెనక్కి జరిగితే ఆ కొలత సరిపోయినట్టు. ముగ్గురి ఎత్తు, బరువు, వయసు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. పడినప్పుడు స్కీ కాలి నుంచి ఊడిపోయేలా చేసే బిగింపును దుకాణంవారు ఆ వివరాలను బట్టే సరిచేస్తారు, కనుక బరువు తగ్గించి చెప్పినా పెంచి చెప్పినా మోకాలికే ప్రమాదం.