కొత్త క్యాములకు పాత ట్యాపెట్లు సరిపోతాయా? (నాన్నగారి బుల్లెట్, చెన్నై)

తాంబరం అబ్బాయి: నాన్నగారి 1986 బుల్లెట్ 350, పోత ఇనుప ఇంజిన్. విప్పి చూస్తే ఎగ్జాస్ట్ క్యామ్ (తిరుగుతూ పొగ పోయే వాల్వును ఎత్తే ముక్క) ముక్కు అరిగిపోయింది. పుదుప్పేట మెకానిక్ క్యాములు రెండూ కొత్తవి వేసి, పాత ట్యాపెట్లనే (క్యామ్ మీద ఆనుకుని పైకి లేచే ముక్కలు) లేత్‌లో సాపు చేయిస్తానంటున్నాడు. వాల్వును ఎక్కువ ఎత్తే రేసు క్యాములు కూడా దొరికాయి. ఏవి వేయమంటారు?

పాత స్పానర్: ముందు ట్యాపెట్లు మార్చండి. వాటి అడుగు పాత క్యాముతో కలిసి అరిగి గుంటపడింది. కొత్తదాని మీద పెడితే బరువంతా ఆ గుంట అంచునే పడుతుంది. సాపు చేస్తే పైనున్న గట్టి పొర పోతుంది. 2011లో ఒక వర్క్‌షాపు వాళ్లు నాకూ ఇలాగే చేసిచ్చారు. నాలుగు వందల కిలోమీటర్లకే టకటక మొదలైంది, ఆయిల్ నిండా ఇనుప రజను. డబ్బు అడిగితే నాకు బండి నడపడం రాదన్నారు!

గిండీ లేత్: లేత్ మీదే బతికేవాణ్ణి, చెబుతున్నాను. ట్యాపెట్ అడుగు లేత్ పని కాదు, గ్రైండర్ పని. అరుగుదల కొద్దిగానే ఉంటే పలచగా తీయవచ్చు. ఒక్కరు చెడగొట్టారని వర్క్‌షాపుల వాళ్లందరినీ దొంగలనకండి.

పాత స్పానర్: దొంగలన్న మాట నేను ఎక్కడ అన్నాను?

అడయార్ మూర్తి: కొత్త కార్ల ఆయిల్‌లో అరుగుదలను తగ్గించే జింకు తక్కువ. క్యాములు కొత్తవైతే డీజిల్ ఇంజిన్ల ఆయిల్ పోయండి.

ఒక పాఠకుడు: ఆ ఆయిల్ పోస్తే క్లచ్ జారదా?

అడయార్ మూర్తి: ఈ ఇంజిన్‌లో క్లచ్ ఆయిల్ వేరు.

పాత స్పానర్: ఇక ఆ రేసు క్యాములు. వాల్వు ఎక్కువ లేస్తే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకోవచ్చు, వాల్వు పిస్టన్‌కు తగలవచ్చు. రెండూ కొలవాలి. అన్నీ సరిపోయినా తక్కువ వేగంలో లాగుడు తగ్గుతుంది. అదే లేకపోతే బుల్లెట్ ఎందుకు? పెద్దాయన బండిని పాడు చేయకండి.

తాంబరం అబ్బాయి: పెద్దాయన బండి అంటున్నారు! ప్రతి ఆదివారం ఇంజిన్ చల్లగా ఉండగా ఆయనే పుష్‌రాడ్‌ను (ట్యాపెట్ కదలికను పైన వాల్వు వైపు చేర్చే కడ్డీ) వేళ్లతో తిప్పి చూసేవారు. సులువుగా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఇరవై ఏళ్లు పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డాను, ఒక్కసారీ స్పానర్ ఇవ్వలేదు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడైనా అది నా బండి కాకూడదా?

పాత స్పానర్: ...మా నాన్నగారి బుల్లెట్‌కు 2013లో నేను అలాంటి క్యాములే వేశాను. ఏడాది తిరగకుండా అమ్మేశాను. ఆ శబ్దం ఆయనది కాదు. నా కోపం మీ మీద కాదు లెండి.

తాంబరం అబ్బాయి: కొత్త ట్యాపెట్లు కొన్నానండీ. క్యాములు రెండు రకాలూ బల్ల మీదే ఉన్నాయి. అమ్మ వచ్చి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది.

గిండీ లేత్: కొన్నారు, మంచిది. కానీ గ్రైండర్ మీద తీసి ఉంటే పాతవే సరిపోయేవి.