లాగ్‌లో మాట దొరికితే అలర్ట్: ఉంచాలా, పీకేయాలా?

రాత్రి_డ్యూటీ

అందరికీ నమస్కారం. మా దగ్గర నలభై లినక్స్ సర్వర్లు, ఆరు విండోస్ సర్వర్లు ఉన్నాయి. అన్నిటినీ జాబిక్స్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే చూస్తాం. నాకు ముందు ఈ సీట్లో ఉన్నవాళ్లు కనబడిన ప్రతి లాగ్ (ప్రోగ్రామ్ తన పని గురించి లైన్లు రాసుకునే ఫైలు) మీదా ఒకే రూలు పెట్టి వెళ్లారు: 'ఎర్రర్' అన్న మాట వస్తే ఫోన్‌కి మెసేజ్.

మొన్న మంగళవారం రాత్రి 340 మెసేజ్‌లు వచ్చాయి. దాదాపు అన్నీ బ్యాచ్ జాబ్‌వే. ఒక్కో ఫైలు అయిపోగానే అది 'ఎర్రర్స్: 0' అని రాస్తుంది, మా రూలుకి అదీ ఎర్రరే. రెండింటికి విసిగిపోయి ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. 2:40కి వచ్చిన 'ఎర్రర్: నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' కూడా ఆ గుంపులోనే ఉండిపోయింది. తెల్లారేసరికి బిల్లింగ్ ఆగి ఉంది.

లాగ్ రూళ్లన్నీ తీసేయండి, డిస్క్, మెమరీ, రెస్పాన్స్ టైమ్ చూసుకుంటే చాలు అంటున్నారు మేనేజర్ గారు. కాదనడానికి నా దగ్గర మాట లేదు. మీరేమంటారు?

అంకెలమనిషి

తీసేయండి. లాగ్‌లో లైను అనేది డెవలపర్ తనకోసం రాసుకున్నది. రేపు ఆ వాక్యం మార్చితే మీకు చెప్పాలన్న నియమం ఎక్కడా లేదు.

మాకు జరిగిందే చెప్తాను. సెంటాస్ 7కి 2024 జూన్ 30తో సపోర్ట్ అయిపోతుందని ఉబుంటు 22.04కి మారాం. పాత 3.10 కెర్నల్ (లినక్స్ గుండెకాయ) మెమరీ చాలనప్పుడు 'ఔట్ ఆఫ్ మెమరీ: కిల్ ప్రాసెస్' అని రాసేది. మా రూలులో ఉన్నది అక్షరాలా అదే. కొత్త కెర్నల్ రాసేది 'ఔట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్'. 'కిల్' 'కిల్డ్' అయింది, అంతే. నాలుగు నెలలు జావా సర్వీసు చస్తూ ఉంది, సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ దాన్ని మళ్లీ లేపుతూ ఉంది, మాకు ఒక్క మెసేజ్ రాలేదు. అలర్ట్ రావట్లేదంటే అంతా బాగుందనుకున్నాం.

ఇప్పుడు ప్రాక్ కింద వీఎంస్టాట్ అనే కెర్నల్ లెక్కల ఫైల్లో ఉండే ఓఓఎం కిల్ లెక్క, అంటే మెమరీ చాలక ఎన్ని ప్రాసెస్‌లని చంపిందో ఆ అంకె, చూస్తున్నాం. అంకె పెరిగితే అలర్ట్. అంకెకి స్పెల్లింగ్ ఉండదు.

డీబీఏ_పద్దెనిమిదేళ్లు

తమ్ముడూ, అన్నీ తీసేయమని చెప్పకండి. ఒరాకిల్ డేటాబేస్ అలర్ట్ లాగ్‌లో ఓఆర్ఏ-01578 వచ్చిందంటే ఒక డేటా బ్లాక్ పాడైందని అర్థం. ఏ ఫైలు, ఎన్నో బ్లాకు అన్నది కూడా అదే లైనులో ఉంటుంది. అప్పుడు మీ అంకెలు చూడండి: సీపీయూ బాగుంటుంది, డిస్క్ బాగుంటుంది, రెస్పాన్స్ టైమ్ బాగుంటుంది. ఆ బ్లాకుని తాకే క్వెరీ నెలాఖరులో ఒక్కసారే నడవొచ్చు. ఈలోపు మంచి బ్యాకప్‌లు ఒక్కొక్కటే గడువు తీరి చెరిగిపోతుంటాయి. ఆ ఒక్క లైను మొదటిరోజే చూసినవాడికి రికవరీ ఒక గంట పని. నెల తర్వాత చూసినవాడి పరిస్థితి నేను దగ్గరుండి చూశాను, ఇక్కడ రాయలేను.

స్పెల్లింగ్ గొడవ మాకూ ఉంది, కాదనను. అప్లికేషన్‌కి ఓఆర్ఏ-01652 అని వచ్చే తప్పు అలర్ట్ లాగ్‌లో సున్నా లేకుండా ఓఆర్ఏ-1652 అని పడుతుంది. అయిదు అంకెలు ఉండాలని రెజెక్స్ (వెతికే నమూనా) రాసి, టెంప్ స్పేస్ (డేటాబేస్ తాత్కాలికంగా వాడుకునే జాగా) నిండిన సంగతి యూజర్లు ఫోన్ చేసేదాకా తెలుసుకోలేకపోయాను. రూలు సరిచేశాను. తీసెయ్యలేదు.

పాత_టెర్మినల్

ఉంచాలా తీయాలా తర్వాత. అసలు ఆ రూళ్లు ఫైలుని సరిగ్గా చదువుతున్నాయా?

జాబిక్స్‌లో 'లాగ్' కీ వేరు, 'లాగ్‌ఆర్‌టీ' వేరు. రొటేట్ అయ్యే, అంటే పాతదానికి పేరు మార్చి కొత్తది మొదలయ్యే, ఫైలుకి మొదటిది పెడితే, పేరు మారే క్షణానికి ఇంకా చదవని చివరి లైన్లు పోతాయి. సర్వీసు కూలేటప్పుడు రాసే లైన్లు సరిగ్గా అక్కడే ఉంటే ఇక అంతే. ఆ రొటేషన్ చేసే లాగ్‌రొటేట్‌లో కాపీట్రంకేట్ (కాపీ తీసి అసలు ఫైలుని ఖాళీ చేసే పద్ధతి) వాడితే కాపీకీ ఖాళీ చేయడానికీ మధ్య కొంత రాత పోవచ్చని దాని మాన్యువల్లోనే ఉంది.

విండోస్ కూడా ఉందన్నారు కాబట్టి ఇంకొకటి. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ ఎర్రర్ లాగ్ యూటీఎఫ్-16 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) ఉంటుంది. ప్రతి ఇంగ్లిష్ అక్షరం పక్కనా ఒక సున్నా బైటు. ఎన్‌కోడింగ్ చెప్పకుండా వెతికితే కళ్లెదుట ఉన్న మాట కూడా దొరకదు. మీ ఆరు సర్వర్ల నుంచి ఇప్పటిదాకా ఒక్క అలర్టైనా వచ్చిందా?

రాత్రి_డ్యూటీ

ఇప్పుడే చూశాను అన్నా. ఏడాదిన్నరలో ఒక్కటి కూడా లేదు. ఎన్‌కోడింగ్ దగ్గర ఖాళీగా ఉంది.

అంకెలమనిషి

నేను చెప్పేదీ అదే కదా. ఒక్క లైను పట్టుకోవడానికి స్పెల్లింగ్, సున్నాలు, రొటేషన్, ఎన్‌కోడింగ్, ఇన్ని కుదరాలి. ఏది తప్పినా గుట్టుచప్పుడు కాకుండా తప్పుతుంది. రాత్రి_డ్యూటీ గారూ, ఆ మంగళవారం డిస్క్ నిండుతుంటే మీ డిస్క్ అలర్ట్ ఎందుకు మోగలేదు? అది సరిగ్గా పెట్టుకుంటే లాగ్‌తో పనే లేదు.

రాత్రి_డ్యూటీ

డిస్క్ నిండలేదండి. 58 శాతమే ఉంది. నాకూ పొద్దున అర్థం కాలేదు. తర్వాత డీఎఫ్ మైనస్ ఐ కమాండ్ కొట్టి చూస్తే ఐనోడ్లు (ఒక్కో ఫైలుకీ ఒకటి చొప్పున ఖర్చయ్యే నంబర్లు) వంద శాతం అయిపోయాయి. పీహెచ్‌పీ సెషన్ ఫైళ్లు చిన్నచిన్నవి లక్షల్లో పేరుకుపోయాయి. జాగా ఉంది, కొత్త ఫైలు పెట్టడానికి నంబరు లేదు.

డీబీఏ_పద్దెనిమిదేళ్లు

చూశారా. మీ అంకె అంతా బాగుందంది, లాగ్ నిజం చెప్పింది. ఏది అడగాలో మనకి ముందే తోచినదానికే అంకె ఉంటుంది. తోచనిదాన్ని ప్రోగ్రామే నోరు తెరిచి చెప్పాలి, అది లాగ్‌లోనే చెప్తుంది.

అంకెలమనిషి

ఈ ఒక్కటీ ఒప్పుకుంటాను, మేమూ ఐనోడ్లు చూడట్లేదు. కానీ ఆ వాక్యం కూడా పూర్తి నిజం కాదు. డిస్క్ నిండినా అదే వాక్యం, ఐనోడ్లు అయిపోయినా అదే, ఇనోటిఫై వాచ్‌ల (ఫైళ్లు మారితే ప్రోగ్రామ్‌కి చెప్పే కాపలా) పరిమితి దాటినా అదే. నిద్రలేచినవాడు ఎటు పరిగెత్తాలో అందులో లేదు.

పాత_టెర్మినల్

నిద్రలేచాడు కదా, అది చాలు. మిగతాది మనిషి చూసుకుంటాడు.

నేను చేసేది చెప్తాను. వారానికోసారి క్రాన్ (చెప్పిన వేళకి పనులు నడిపేది) ఒక దొంగ లైనుని ప్రతి లాగ్‌లోకీ రాస్తుంది. అయిదు నిమిషాల్లో అలర్ట్ రాకపోతే, రాలేదన్న అలర్ట్ వస్తుంది.

అంకెలమనిషి

దానివల్ల దారి తెరిచి ఉందని తెలుస్తుంది, మాట సరైనదని తెలియదు. మా 'కిల్ ప్రాసెస్' రూలు మీ పరీక్షలో ప్రతి వారం పాసయ్యేది, దొంగ లైను రాసేది కూడా మనమే కాబట్టి.

పాత_టెర్మినల్

మంచి మాట. ఇది నాకు తట్టలేదు. అయితే కెర్నల్ మారినప్పుడల్లా టెస్ట్ సర్వర్‌లో సిస్‌రిక్యూ ఎఫ్ (కెర్నల్‌కి నేరుగా ఇచ్చే ఆదేశం) ఇవ్వాలి. కెర్నల్ నిజంగానే ఒక ప్రాసెస్‌ని చంపుతుంది. అది రాసిన లైను చూసి రూలు రాసుకోవాలి. ప్రొడక్షన్‌లో మాత్రం దాని జోలికి పోకండి. కంటెయినర్లు వాడేవాళ్లు ఇంకోటి చూసుకోండి: సీగ్రూప్ (కంటెయినర్‌కి ఇంత మెమరీ అని కెర్నల్ పెట్టే గిరి) పరిమితి దాటి చచ్చినదానికి లైను 'మెమరీ సీగ్రూప్' అని మొదలవుతుంది, తర్వాతి 'ఔట్'లో మొదటి అక్షరం చిన్నది. పెద్ద అక్షరంతో రాసిన రూలుకి అది దొరకదు.

రాత్రి_డ్యూటీ

మేనేజర్ గారితో మాట్లాడాను. ఉత్త 'ఎర్రర్' రూళ్లన్నీ ఈ రాత్రే తీసేస్తున్నాను. తొమ్మిది ఉంచుతున్నాను: జాగా లేదన్నది, మెమరీ కిల్, ఫైల్‌సిస్టమ్ రీడ్ ఓన్లీ అయిందన్నది, డేటాబేస్‌వి ఆరు. ఒక్కోదాని పక్కనా ఆ లైను ఏ వెర్షన్‌లో కళ్లారా చూశానో తేదీతో రాస్తాను. వెర్షన్ మారితే మళ్లీ చూసేదాకా ఆ రూలుని నమ్మకూడదని టీమ్‌కి చెప్పాను.

అంకెలమనిషి

తొమ్మిదయితే నాకు అభ్యంతరం లేదు. ఏడాది తిరిగేసరికి తొంభై కాకుండా చూసుకోండి.

రాత్రి_డ్యూటీ

అలాగేనండి. ఐనోడ్ అలర్ట్ కూడా ఇప్పుడే పెట్టాను. పెట్టిన రెండు నిమిషాలకే ఇంకో సర్వర్ 91 శాతం చూపిస్తోంది. దాని సంగతి చూసి వస్తాను.