పాల పేకెట్ ఫిలిం అయిపోవస్తోంది, ప్రింటు లేనిది వేరే సైజులో దొరుకుతోంది. తీసుకోవచ్చా?

నాగావళి_పాలు:
రాజాం దగ్గర ప్లాంటు. రోజుకి 6,000 లీటర్ల టోన్డ్ పాలు, అన్నీ అరలీటరు పేకెట్లే. ప్రింటెడ్ ఫిలిం 150 కిలోలు మిగిలింది. గ్రాన్యూల్స్ (ఫిలిం తయారుచేసే ప్లాస్టిక్ గింజలు) రావట్లేదు, రెండు వారాలు ఆగండి అంటున్నాడు రోల్స్ ఇచ్చేవాడు. వేరేచోట ప్రింటు లేని ఫిలిం ఉంది: 55 మైక్రాన్లు, వెడల్పు 330 మి.మీ. మేం వాడేది 320. ఎక్కించేయొచ్చా? బొబ్బిలి, చీపురుపల్లి లైన్లకి నాలుగు రోజులు బండి వెళ్లకపోతే షాపులవాళ్లు ఇంకో పాలకి మారిపోతారు.

పేకింగ్ సెక్షన్:
ముందు లెక్క చూసుకోండి. 320 వెడల్పు, 165 పొడవు, 55 మైక్రాన్లు అంటే పేకెట్‌కి సుమారు 2.7 గ్రాములు. 12,000 పేకెట్లకి 32 కిలోలు, లీకులకీ రోల్ మార్చినప్పుడు పోయేదానికీ ఇంకో కిలో. మీ దగ్గరున్నది నాలుగున్నర రోజులకి.

330ని అలాగే ఎక్కించొద్దు. మీ కాలర్ (ఫిలింని గొట్టంలా చుట్టే భాగం) 320కి చేసింది. ఎక్కువైన 10 మి.మీ. నిలువు సీల్ దగ్గర మడత పడుతుంది. ఆ మడత మీద అడ్డ సీల్ పడ్డచోట పొరలు ఎక్కువై వేడి సరిగా అందదు, సూదిమొనంత లీకు వస్తుంది. మెషీన్ దగ్గర కనపడదు, క్రేటులో తెలుస్తుంది. స్లిట్టింగ్ (రోల్ అంచులు కోయడం) చేయించి 320కి తెస్తేనే పని.

లీటరు పేకెట్ అయితే లీటరుకి 4.3 గ్రాములే, అరలీటరులో 5.4 పోతుంది. కానీ లీటరు ప్రింటు రోల్స్ ముందే ఉంటేనే. అరలీటరు ప్రింటుతో ఐ మార్క్ (పేకెట్ ఎక్కడ కోయాలో మెషీన్‌కి చూపే గుర్తు) దూరం కలవదు.

స్టీరియో:
ప్రింటు లేకుండా అమ్మడానికి లేదు. పాల రకం, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, బ్యాచ్, తేదీ అన్నీ ఉండాలి. స్టిక్కర్ ఆలోచన వదిలేయండి, కోల్డ్ రూమ్ చెమ్మకి తెల్లారేసరికి ఊడి క్రేటు అడుగున ఉంటుంది.

ఫ్లెక్సో స్టీరియోలు (ఫిలిం మీద ప్రింటు వేసే అచ్చులు) మీ డబ్బుతో చేయించినవైతే పాత ప్రింటరు దగ్గర్నుంచి తెప్పించి ఇంకోచోట వేయించండి. ఆ ఫిలింకి కరోనా ట్రీట్‌మెంట్ (ఇంకు పట్టేలా పైపొరకి కరెంటుతో చేసేది) ఉందా, ఎన్ని డైన్లు (ఇంకు ఎంత పడుతుందో చెప్పే కొలత) అని అడగండి. 38 కంటే తక్కువైతే ఇంకు గోటికే రాలిపోతుంది. ట్రీట్ చేసిన వైపు బయటికి రావాలి. లోపలికి వస్తే సీల్ బలం తగ్గుతుంది. ఫిలిం ఆహారానికి పనికొస్తుందనే ఐఎస్ 10146, మైగ్రేషన్‌కి (ప్లాస్టిక్ నుంచి పాలలోకి దిగేదానికి) ఐఎస్ 9845 రిపోర్టు చేతికి రాకుండా డబ్బు కట్టొద్దు. కరువు రోజుల్లోనే రీసైకిల్ గింజలు కలుపుతారు. ప్రింటు వాసన పోయేదాకా రోల్ ఎక్కించకండి, పాలు ఇట్టే పట్టేస్తాయి.

జా_టెఫ్లాన్:
కొత్త ఫిలింకి పాత సెట్టింగు నడవదు. ముందు నీళ్లతో యాభై పేకెట్లు తీసి చేత్తో గట్టిగా నొక్కండి, నడుమెత్తు నుంచి వదలండి. సీల్ విడిపోతే వేడి చాల్లేదు. సీల్ పక్కనే తెగితే వేడి ఎక్కువ, లేదా జాకి (సీల్ వేసే దవడకి) చల్లనీళ్లు ఆడట్లేదు. జా మీద ఫిలిం అంటుకోకుండా వేసే టెఫ్లాన్ గుడ్డ కొత్తది వేసే మొదలెట్టండి. ఈ వారం ఒక్కో లీకూ మీ దగ్గర లేని ఫిలింని తినేస్తుంది.

క్యాన్_లెక్క:
హోటళ్లు, హాస్టళ్లు, స్వీటు షాపులకి పేకెట్లెందుకండీ? 40 లీటర్ల క్యాన్లలో 25 పంపండి, రోజుకి 1,000 లీటర్లు పేకెట్ లేకుండా పోతాయి. క్యాన్లు తిరిగొచ్చాక వేడినీళ్లు, ఆవిరి తప్పనిసరి. కొంత పాలు పది కిలోల బకెట్ పెరుగుకి తిప్పినా ఫిలిం మిగులుతుంది. ఒక లైను పూర్తిగా ఆపకండి, అన్ని షాపులకీ సరఫరా సమానంగా కోయండి. ఎవరైనా క్యారీ బ్యాగుల్లో కట్టి ఇద్దామంటే వినకండి. 120 మైక్రాన్లకి తక్కువవి 2022 డిసెంబర్ 31 నుంచి నిషేధం.

నాగావళి_పాలు:
స్టీరియోలు మావే, రేపు మనిషిని పంపుతాను. స్లిట్టింగ్ ప్రింటుకి ముందా, తర్వాతా?

స్టీరియో:
ముందే. ప్రింటయ్యాక అంచులు కోస్తే డిజైన్ ఒక పక్కకి జరిగిపోయే ప్రమాదం ఉంది. 330 రోల్ రెండు పక్కలా 5 మి.మీ. చొప్పున తీయించండి. తరుగు మూడు శాతం, అది ధరలో ఎవరు భరిస్తారో ముందే తేల్చుకోండి.