సైట్లో పనివాళ్లకు కరెంటు జాగ్రత్తలు ఎలా నేర్పించాలి?

సైట్ సూపర్‌వైజర్, కరీంనగర్:
అందరికీ నమస్కారం. మాది జీ ప్లస్ టూ ఇంటి పని. 14 మంది పనివాళ్లు, అందులో ఐదుగురు ఒడిశా నుంచి వచ్చారు. మొన్న స్లాబ్ పోస్తుంటే వైబ్రేటర్ (కాంక్రీటు కుదించే మిషన్) పట్టుకున్న కుర్రాడికి షాక్ కొట్టింది. పడిపోయి, కాసేపటికి లేచి కూర్చున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

వెళ్లి చూస్తే వైరుకు ప్లగ్గే లేదు. రెండు కొనలు సాకెట్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చారు. ఎర్త్ వైరు కత్తిరించేశారు. అతుకు మీది టేపు తడిసి జారిపోయింది. మర్నాడు పొద్దున అందర్నీ నిలబెట్టి పావుగంట చెప్పాను, తలలూపారు. మధ్యాహ్నానికి మళ్లీ అగ్గిపుల్లలే! పైగా ఇంటి ముందు నుంచే 11 కేవీ (11 వేల వోల్టుల) కరెంటు లైను పోతుంది. టెన్షన్‌గా ఉంది. ఎలా నేర్పించాలి?

ఎలక్ట్రీషియన్, వరంగల్:
ముందు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి అన్నా, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్చు. లోడు ఎక్కువైతే పడే ఎంసీబీ ఉందిగా అనుకోవద్దు. మనిషి ప్రాణం తీసే కరెంటు ఎంసీబీకి లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, రోజూ పొద్దున ఒక్కో పనివాడితో నొక్కించండి. టక్కున పడాలి. పడకపోతే ఆ రోజు మిషన్లు ఆన్ చేయొద్దు.

రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్:
తమ్ముడూ, నేను 31 ఏళ్లు స్తంభాలెక్కాను. చెబితే ఎవరికీ ఎక్కదు, చేయించాలి.

11 కేవీ తీగకు పైన తొడుగేమీ ఉండదు. ముట్టుకోకపోయినా, మరీ దగ్గరికొస్తే చాలు, కరెంటు గాల్లోంచి దూకి కొట్టగలదు. గోడకూ లైనుకూ అడ్డంగా కనీసం 1.2 మీటర్లు ఉండాలని రూలు. చేతిలో రాడ్డున్నవాడికి అది ఏ మూలకు? 12 మీటర్ల రాడ్డు ఒకటి, ఒక కొన గోడకు ఆనించి, రెండో కొన లైను వైపు ఉండేలా నేల మీద పడుకోబెట్టు. లైను సరిగ్గా కింద ఎక్కడుందో చూసి నేల మీద సున్నంతో గీత గియ్యి. కొలవడానికి టేపు పైకెత్తొద్దు సుమా. రాడ్డు కొన ఆ గీతను ఎంత దాటిందో వాళ్లనే అడుగులేసి లెక్కపెట్టమను.

ఇంకోటి. షాక్ కొట్టినవాణ్ని పట్టి లాగబోయి రెండోవాడు పోతాడు. నేను కళ్లారా చూశాను. అందుకే ఒకణ్ని షాక్ కొట్టినట్టు పడుకోమని, మిగతావాళ్లను మెయిన్ స్విచ్ దగ్గరికి పరిగెత్తించు. మెయిన్ ఎక్కడుందో తెలియనివాళ్లు ఎంతమందో అప్పుడు బయటపడుతుంది. మెయిన్ ఆపాక ఊపిరి లేకపోతే అరికాళ్లు రుద్దుతూ కూర్చోకూడదు. 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఇసుక బస్తా మీద అందరిచేతా నొక్కించు.

సైట్ సూపర్‌వైజర్, కరీంనగర్:
పెద్దాయనా, ఈ రోజు చేయించాను. మా దగ్గర గోడకూ గీతకూ మూడడుగులే ఉంది. రాడ్డు రోడ్డు మధ్యదాకా వెళ్లింది. ఒడిశా కుర్రాళ్లలో పెద్దవాడు మిగతా నలుగురికీ వాళ్ల భాషలో చెబుతూ ఆ గీత మీదే నిలబడిపోయాడు. 14 మందిలో మెయిన్ ఎక్కడో తెలిసింది నలుగురికే.

ఆర్‌సీసీబీ పెట్టించాం. షాక్ కొట్టిన కుర్రాడే మొదట బటన్ నొక్కాడు. సాయంత్రం కటింగ్ మిషన్ వైరు మీద టేపు చూసి, ప్లగ్గు పెట్టకుండా నా దగ్గరికి తెచ్చాడు. ఆ వైరు మొత్తం మార్పిస్తున్నాను. లైను గురించి రేపు కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి దరఖాస్తు ఇస్తాను. అంతవరకు ముందువైపు పని ఆపేశాం, రాడ్లు వెనక సందులోంచే ఎక్కిస్తున్నాం.