మాన్యువల్‌లో ఇంజన్ ఆయిల్ 0డబ్ల్యూ-20, మేస్త్రీ ఏమో 15డబ్ల్యూ-40 అంటున్నాడు. వైజాగ్ ఎండలకి ఏది పొయ్యాలి?

గాజువాక_బండి

అందరికీ నమస్తే. నాది 2020 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్6, టర్బో లేదు, 48 వేలు తిరిగింది. ఇన్నాళ్ళూ షోరూమ్‌లోనే సర్వీసు చేయించా, ఈసారి ఎస్టిమేట్ చూసి ఆటోనగర్‌లో మా మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళా. నాన్నగారి అంబాసిడర్ రోజుల నుంచి మా ఇంటి బళ్ళన్నీ ఆయనే చూస్తాడు, ఆయన పని మీద నాకు ఏ డౌటూ లేదు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ వేళ్ళ మధ్య రుద్ది చూసి "ఇదేటి బాబూ నీళ్ళలా ఉంది, మన ఎండలకి ఇది ఆగదు, 15డబ్ల్యూ-40 పోసేద్దాం, సౌండ్ కూడా తగ్గుద్ది" అన్నాడు. మాన్యువల్‌లో చూస్తే 0డబ్ల్యూ-20 అనే ఉంది. నేను రెండు రోజులు టైమ్ అడిగి బండి తెచ్చేసుకున్నా.

రోజూ కూర్మన్నపాలెం నుంచి ఎన్‌ఏడీ మీదుగా మద్దిలపాలెం, పోనూ రానూ ట్రాఫిక్కే. వచ్చే నెల ఫ్యామిలీతో అరకు ప్లాన్ ఉంది, అనంతగిరి ఘాట్ ఐదుగురం ఏసీ వేసుకుని ఎక్కాలి, అసలు భయం దాని గురించే. పల్చటి ఆయిల్ అంత వేడికి తట్టుకుంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

సీతమ్మధార_వ్యాగన్

మాన్యువల్‌లో ఏముంటే అదే పొయ్యండి గురూ. మా బండి లక్షా పదివేలు దాటింది, మొదటి నుంచీ 0డబ్ల్యూ-20నే, ఘాట్ రోడ్లు ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కే లేదు.

షిప్_ఇంజన్

నేను పదకొండేళ్ళు ఓడల్లో ఇంజన్ రూమ్‌లో పనిచేసి వచ్చా, లూబ్ ఆయిల్ అంటే మాకు ప్రాణంతో సమానం, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా ఓపిగ్గా చదవండి.

మీ మేస్త్రీ వేళ్ళతో చూసింది చల్లటి ఆయిల్‌ని, లేదంటే గోరువెచ్చటి ఆయిల్‌ని. ఇంజన్ లోపల ఆయిల్ పనిచేసేది దాదాపు 100 డిగ్రీల దగ్గర. బయట వైజాగ్‌లో 38 ఉన్నా, అరకులో 12 ఉన్నా, ఇంజన్ వేడెక్కాక థర్మోస్టాట్ దాన్ని ఇంచుమించు ఒకే టెంపరేచర్‌లో పట్టి ఉంచుద్ది. అందుకే డబ్బా మీద రెండో నంబరు, అదే 20, 30, 40, అది 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా ఉండాలో చెప్పేది. 20 గ్రేడ్ అంటే 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ (చిక్కదనానికి కొలత) లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు. అంటే మీ ఇంజన్ డిజైన్ చేసినవాడు అనుకున్నదానికి ఒకటిన్నర రెట్ల పైనే చిక్కగా ఉండే ఆయిల్ పోస్తానంటున్నాడు మీ మేస్త్రీ.

మొదటి నంబరు పక్కనున్న డబ్ల్యూ అంటే వింటర్. 15డబ్ల్యూ అంటే మైనస్ 20 దగ్గర, 0డబ్ల్యూ అంటే మైనస్ 35 దగ్గర ఇంజన్ తిరగడానికి ఆయిల్ అడ్డం పడకుండా ఉంటుందా లేదా అని టెస్ట్ చేస్తారు. మనకి లంబసింగిలో మహా అయితే సున్నా దాకా పోతుంది, కాబట్టి స్టార్ట్ అవ్వడం వరకూ ఏది పోసినా అవుతుంది, అందులో గొడవేం లేదు. కానీ మన ఊళ్ళో పొద్దున 25 డిగ్రీలున్నా సరే, 100 దగ్గరి కన్నా ఏ ఆయిలైనా ఎన్నో రెట్లు చిక్కగానే ఉంటుంది, 15డబ్ల్యూ-40 అయితే ఇంకా మందంగా, తాళం తిప్పగానే అది పైన వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా ఎక్కడానికి 0డబ్ల్యూ-20 కన్నా ఎక్కువ టైమ్ పడుతుంది. ఇంజన్ అరుగుదలలో చల్లటి స్టార్ట్‌ది పెద్ద వాటా.

ఇంకో సంగతి, పాత అంబాసిడర్ ఇంజన్లో బేరింగ్ గ్యాప్‌లు వదులు, దానికి 20డబ్ల్యూ-40 పోస్తే సరిగ్గా సరిపోయేది, మేస్త్రీ నేర్చుకున్నది ఆ ఇంజన్ల మీద, ఆయన్ని తప్పు పట్టక్కర్లేదు. ఇప్పటి ఇంజన్లో గ్యాప్‌లు సన్నం, పైగా వాల్వ్ టైమింగ్ మార్చే మెకానిజం ఆయిల్ ప్రెషర్‌తోనే నడుస్తుంది, సన్నటి దారుల్లోంచి ఆయిల్ పోవాలి. చిక్కటిది పోస్తే సౌండ్ తగ్గినట్టు అనిపిస్తుంది నిజమే, కానీ మైలేజీ పడిపోద్ది, ఆ మెకానిజం లేటుగా స్పందిస్తుంది.

ఎంవీపీ_డీజిల్

పైన అన్న చెప్పింది కరెక్ట్. డీజిల్ వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే నాకు జరిగింది కూడా వినండి. నాది బీఎస్6 డీజిల్ ఎస్‌యూవీ, డీపీఎఫ్ ఉంది, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్. ఒక బయటి గ్యారేజీలో సింథటిక్ అన్నాడు కదా అని పోయించా, డబ్బా నేను చూడలేదు, అది నా తప్పే. తర్వాత డీపీఎఫ్ లైట్ మాటిమాటికీ రావడం మొదలైంది. వేరే చోట చూపిస్తే ఆ ఆయిల్ పాత డీజిల్ ఇంజన్ల కోసం చేసిందని తేలింది. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ వచ్చే లో శాప్స్ ఆయిల్ కావాలి, ఎందుకంటే మసి అయితే వేడికి కాలిపోద్ది గానీ ఆయిల్లోని లోహాల బూడిద కాలదు, ఫిల్టర్లోనే పేరుకుపోద్ది. కారు డీజిల్ అయితే డబ్బా మీద ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) సీ2, సీ3 లాంటి కోడ్ చూడాలి, మీ మాన్యువల్‌లో ఏ కోడ్ ఉందో అదే.

ఇంకోటి, ఎంవీపీ నుంచి జగదాంబకి, జగదాంబ నుంచి ఎంవీపీకి ఇలా చిన్న చిన్న ట్రిప్పులే తిరిగితే డీపీఎఫ్ శుభ్రం చేసుకునే పని సగంలో ఆగిపోయి, కాలని డీజిల్ ఆయిల్లోకి దిగి లెవెల్ పెరుగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగిందంటే అది మంచి కాదు. నేనిప్పుడు వారానికోసారి హైవే ఎక్కి ఆనందపురం దాటి తగరపువలస దాకా ఒకే స్పీడ్‌లో పోయి వస్తున్నా, లైట్ మళ్ళీ రాలేదు.

గాజువాక_బండి

షిప్ ఇంజన్ అన్నా, చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రెండు డౌట్లు. షాపులో 5డబ్ల్యూ-30 ఉంది, చవగ్గా ఇస్తానంటున్నాడు, అది పోస్తే ఏటవుద్ది? రెండోది, ఒక డబ్బా మీద ఫుల్లీ సింథటిక్, ఇంకో దాని మీద సింథటిక్ టెక్నాలజీ, రేటు చూస్తే చాలా తేడా. ఏది నిజం సింథటిక్?

షిప్_ఇంజన్

5డబ్ల్యూ-30 మాన్యువల్‌లో రెండో ఆప్షన్‌గా రాసుంటే నిశ్చింతగా పొయ్యండి, రాసి లేకపోతే వద్దు. చాలా మాన్యువల్స్‌లో ఏ టెంపరేచర్‌కి ఏ గ్రేడ్ అని చూపించే పట్టీ ఒకటి ఉంటుంది, ఆ పేజీ ఒకసారి తియ్యండి.

సింథటిక్ అనే మాట మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఒకప్పుడు పీఏఓ అని కెమికల్‌గా తయారుచేసిన బేస్ ఆయిల్‌నే అలా అనేవాళ్ళు. తర్వాత క్రూడాయిల్‌నే హైడ్రోజన్‌తో బాగా శుద్ధి చేసి, గ్రూప్ 3 అంటారు, దాన్నీ సింథటిక్ అని అమ్మడం మొదలుపెట్టారు. అమెరికాలో మొబిల్ వాళ్ళు క్యాస్ట్రాల్ మీద ఫిర్యాదు చేస్తే 1999లో ప్రకటనల వివాదాలు చూసే సంస్థ క్యాస్ట్రాల్ వైపే తేల్చింది, అప్పటి నుంచి గ్రూప్ 3 కూడా సింథటికే. అది చెడ్డదేం కాదు, మంచి గ్రూప్ 3 ఆయిల్ మీ బండికి ఎక్కువే. సింథటిక్ టెక్నాలజీ అని ఉంటే మాత్రం మామూలు ఆయిల్ కూడా కలిసి ఉండొచ్చు.

కాబట్టి ముందు వైపు పెద్దక్షరాలు వదిలేసి డబ్బా వెనక్కి తిప్పండి. గ్రేడ్ 0డబ్ల్యూ-20, ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) వాళ్ళ క్వాలిటీ కోడ్ ఎస్పీ, ఈ రెండూ ఉంటే చాలు. ఎస్పీ 2020లో వచ్చింది, టైమింగ్ చైన్ అరగకుండా కూడా టెస్ట్ పెట్టారు దాంట్లో. టర్బో పెట్రోల్ ఉన్నవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే తక్కువ స్పీడ్‌లో స్పార్క్ రాకముందే మంట అంటుకుని పిస్టన్ పగిలే జబ్బుని ఆపడానికి కూడా టెస్ట్ ఉంది. డ్రమ్ములోంచి లూజు ఆయిల్ అసలు వద్దు. సీల్ మీ కళ్ళ ముందే తీయించండి, ఖాళీ డబ్బాకి చిల్లు పొడిచి రండి, అవే డబ్బాలు మళ్ళీ నింపి అమ్మేవాళ్ళు ఉన్నారు.

రుషికొండ_రోజూ

ఒక్క మాట నేనూ చెప్తా అన్నయ్యా. నేను రోజుకి ఆరు కిలోమీటర్లే తిరుగుతా, ఏడాదికి మూడు వేలు కూడా అవ్వదు. సింథటిక్ కదా ఇంకో ఏడాది నడుస్తుందిలే అనుకుని ఆపా, ఆయిల్ మూత తీస్తే కింద తెల్లగా మీగడలా పేరుకుంది. ఇంజన్ సరిగ్గా వేడెక్కక లోపలి తేమ ఆవిరవ్వట్లేదన్నమాట. కిలోమీటర్లు కాకపోయినా ఏడాది దాటనివ్వద్దు.

గాజువాక_బండి

అప్‌డేట్ ఇస్తున్నా. మా మాన్యువల్ పట్టీలో 5డబ్ల్యూ-30 కూడా ఉంది గానీ ముందు రాసింది 0డబ్ల్యూ-20నే, అదే కొన్నా, ఏపీఐ ఎస్పీ. మేస్త్రీకి పేజీ చూపించి, ఈయన ఓడ ఇంజన్ల మనిషి ఇలా చెప్పారు అని వాల్వ్ టైమింగ్ సంగతి చెప్పా, రెండు నిమిషాలు ఆలోచించి "సరే, బండి చేసినోడి మాటే పెద్ద" అని తనే పోశాడు. ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్ వాషర్ కొత్తవి వేశాడు. డబ్బా మొత్తం ఒంపెయ్యకుండా డిప్‌స్టిక్ చూసుకుంటూ పోశాడు, కొంచెం మిగిలింది.

నిన్న అరకు వెళ్ళొచ్చాం. అనంతగిరి దగ్గర కాఫీకి ఆగినప్పుడు కూలెంట్ ముల్లు మధ్యలోనే ఉంది. ఈ రోజు పొద్దున చదును నేల మీద డిప్‌స్టిక్ తుడిచి చూశా, బయల్దేరే ముందు ఎక్కడుందో అక్కడే ఉంది.