కొండ మీద ఇళ్ళ చెత్త కిందికి ఎలా దించుతున్నారు?

మెట్లదారి:
విజయవాడ కొండ ప్రాంతాల్లో ఉండేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. మాది చిట్టినగర్ వైపు, ఇంటికి మెట్లెక్కే రావాలి. చెత్త బండి కింద రోడ్డు మీదే ఆగుతుంది, పైకి ఎలాగూ రాలేదు. అది వచ్చే టైముకి మా వరసలో ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి, మగవాళ్ళు కూలికి వెళ్ళిపోయి ఉంటారు. మిగిలేది ముసలివాళ్ళు, పిల్లలు. అందుకని మిగిలిన అన్నం, కూర తొక్కలు, పిల్లల డైపర్లు అన్నీ ఒకే కవర్లో ముడేసి ఇంటి వెనక బండల సందులోకి విసిరేస్తున్నారు. కుక్కలు చింపుతాయి, వాన పడితే మెట్ల పక్క కాలవ పూడిపోయి మురుగంతా కింద ఇళ్ళ గుమ్మాల్లోకి దిగుతుంది. కింద వాళ్ళు తిడతారు, పైవాళ్ళు మేం కాదంటారు. గొడవ లేకుండా ఏదైనా దారుందా?

నిజంచెప్తా:
దారేముంది అన్నా, ఫైన్ వెయ్యాలి. ఎన్ని చెప్పినా వినరు మనవాళ్ళు.

కాలవగట్టు:
ఫైన్ ఎవరికి వేస్తారు బ్రో, తెల్లారకముందే పనికి పోయే మనిషికా? బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవల్లో నీళ్ళు కట్టేసినప్పుడు ఒకసారి అడుగు చూడండి, ఎన్ని కవర్లుంటాయో. స్కూటరు ఆపకుండానే వంతెన మీంచి విసిరేసి పోయేవాళ్ళంతా కొండ మీంచి వచ్చినవాళ్ళేనా? ఇంటి ముందుకే బండి వచ్చేవాళ్ళు కూడా చేస్తున్నారు ఆ పని.

గుణదల_అక్క:
మా మెట్ల వరసలో ఒక పద్ధతి నడుస్తోంది, పనికొస్తుందేమో చూడు తమ్ముడూ. ముందు పొడి చెత్తను వేరు చేశాం. పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి, సీసాలు, అట్టలు కలిపి గోతాంలో వేస్తే వారమైనా వాసన రాదు, పాత సామాన్ల అతను వచ్చినప్పుడు ఎంతో కొంత చేతికొస్తుంది. అది తీసేస్తే రోజూ దించాల్సింది చిన్న డబ్బాడు తడి చెత్తే. కింద మెట్టు దగ్గరింటి మామ్మ గుమ్మం పక్కన మూత బకెట్ పెట్టుకుంది, పనికి పోయేవాళ్ళు దిగేటప్పుడు అందులో వేసి పోతారు, బండి వస్తే ఆవిడ ఇస్తుంది. ఇంటికి ముప్పై రూపాయలు నెలకి ఆవిడకే ఇస్తాం, ఊరికే చెయ్యమంటే ఎవరు చేస్తారు చెప్పు. గొడవంతా బకెట్ కడిగే దగ్గరే వచ్చింది, ఇప్పుడు వంతులు వేసుకున్నాం. కూర నీళ్ళు వంపేసి వెయ్యమని మాత్రం గట్టిగా చెప్పండి, లేకపోతే పురుగులు పడతాయి.

బండివాడి_కొడుకు:
మా నాన్న పారిశుద్ధ్య పనే చేస్తారు కాబట్టి ఒక మాట. డైపర్లు, ప్యాడ్లు తడి చెత్తలో కలపకండి, పాత పేపర్లో గట్టిగా చుట్టి విడిగా ఇవ్వండి. ఘన వ్యర్థాల నిబంధనల్లోనూ చుట్టి ఇవ్వమనే ఉంది, కానీ నేను చెప్పేది నిబంధన కోసం కాదు, కవర్ విప్పి చేత్తో ఏరేది మనిషే, బ్లేడు ముక్క తగిలితే నెల రోజులు చెయ్యి మానదు. ఇక టైము సంగతి. వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ ఉంటారు, బండి కాస్త ముందు రమ్మని నలుగురు కలిసి రాసివ్వండి. ఒక్కళ్ళు నోటితో చెప్తే కుదరదంటారు. 2021లో మొదలైన చెత్త పన్ను కూడా 2024లో తీసేశారు, డబ్బు కట్టలేదు కదా ఏమంటారో అని మొహమాటపడక్కర్లేదు.

మెట్లదారి:
థాంక్స్ అక్కా, అన్నా. మామ్మలాంటి మనిషి మాకూ ఒకావిడ ఉంది, అడుగుతాను. కానీ ఇప్పటికే బండల సందులో పేరుకున్నది ఎవరు తీస్తారు? 2024 ఆగస్టులో మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడ్డప్పట్నుంచి వానాకాలంలో అటు దిగాలంటేనే మాకు టెన్షన్.

గుణదల_అక్క:
వానల్లో మీరు దిగొద్దు, పిల్లల్ని అసలు పంపొద్దు. ఎండలుండగా పారిశుద్ధ్య మేస్త్రిని పిలిచి చూపించండి, మేమూ అలాగే తీయించాం, రెండు రోజులు పట్టింది.