హెడ్‌లైట్ బల్బు: పసుపా, తెలుపా?
నా కారులో ఎడమవైపు హెడ్‌లైట్ బల్బు మాడిపోయింది. ఎలాగూ జతగానే మారుస్తాను కాబట్టి, ఏ రంగు వెలుగు తీసుకోవాలన్నదే సందేహం. పాతవి హెచ్4 రకం హాలోజెన్ (లోపలి తీగ వేడెక్కి వెలిగేవి), దూరపు వెలుగుకు 60, దగ్గరి వెలుగుకు 55 వాట్లు, సుమారు 3200 కెల్విన్ల పసుపు వెలుగు (కెల్విన్ వెలుగు రంగుకు కొలత, అంకె పెరిగేకొద్దీ తెలుపు పెరుగుతుంది). ఇంకా తెల్లటివి చూడటానికి బాగుంటాయి. కానీ హాలోజెన్‌లో ఆ తెలుపు గాజు మీది నీలిపూత వల్ల వచ్చేదే. ఆ పూత కొంత వెలుగును మింగేస్తుంది కదా! సోకు కోసం వెలుగు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. నేను ఎక్కువగా రాత్రిపూట, వానలో నడుపుతాను. తడిసిన తారు మీద తెల్లగీతలు, నీళ్లు నిండిన గుంతలు కనిపించాలి. ఎదురొచ్చేవారి కళ్లు చెదరకూడదు. వాడి చూసినవారు చెప్పండి: 4000 కెల్విన్ల దగ్గరివి వానలో పనికొస్తాయా, పాత పసుపే మేలా? ఎల్ఈడీ మాత్రం వద్దు, నా హెడ్‌లైట్‌లో వెలుగును ముందుకు మళ్లించే రిఫ్లెక్టర్ హాలోజెన్ కోసం చేసినది.